7.3 ఐడీఐ ట్రక్కుకు గ్లో ప్లగ్ మాన్యువల్ బటన్: వైరింగ్ ఎలా, ఎంతసేపు నొక్కాలి?

చలిబండి రాశారు:

అందరికీ నమస్కారం. నాది 1989 మోడల్ ఫోర్డ్ ట్రక్కు, 7.3 లీటర్ల ఐడీఐ (ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజను, టర్బో లేదు. ఇంజను వేడిగా ఉంటే సెల్ఫ్ తగిలీ తగలకముందే అందుకుంటుంది. రాత్రంతా ఆగిన బండి మాత్రం పొద్దున్నే ఏడిపిస్తోంది.

తాళం తిప్పగానే, సెల్ఫ్ కొట్టే ముందు ఆగమని చెప్పే వెయిట్ దీపం వెలుగుతుంది, కానీ రెండు సెకన్లు కూడా ఉండదు. వెంటనే ఇంజను వెనక వైపు నుంచి రిలే టకటకా కొట్టుకోవడం వినిపిస్తుంది. సెల్ఫ్ కొడితే తెల్ల పొగ గుప్పున వస్తుంది, రెండు మూడు సిలిండర్లు పలుకుతాయి, మళ్లీ వదిలేస్తాయి. బ్యాటరీలు రెండూ బాగున్నాయి, ఇంజను చురుగ్గానే తిరుగుతోంది.

చల్లటి సిలిండర్లని వేడి చేసే గ్లో ప్లగ్గులకి ఎంతసేపు కరెంటు ఇవ్వాలో చూసే గ్లో కంట్రోలర్ పోయిందని నా అనుమానం. డాష్‌బోర్డు కింద ఒక పుష్ బటన్ పెట్టి, ప్లగ్గుల్ని నేనే వేడి చేసుకుందామని ఉంది. బటన్ వైరు రిలేలో ఏ స్తంభానికి (టెర్మినల్‌కి) వెళ్లాలి, ఎంత మందం వైరు వాడాలి, చల్లటి ఇంజనుకి ఎన్ని సెకన్లు నొక్కాలి? ఇంతకుముందు చేసినవాళ్లు చెబితే మేలు.

---

స్పానర్‌పట్టు రాశారు:

తమ్ముడూ, ఆలోచించకుండా పెట్టేయండి. నా 7.3కి కంట్రోలర్ తీసేసి చాలా కాలం అయింది, బటన్ మీదే నడుస్తోంది. పొద్దున్నే 8 నుంచి 10 సెకన్లు నొక్కడం, వదలగానే సెల్ఫ్ కొట్టడం, అంతే. ఆ కంట్రోలర్ ఇంజను మీదే కూర్చుని వేడికీ అదురుకీ పాడవుతూ ఉంటుంది. నా వేలు దానికంటే నమ్మకమైనది.

వైరింగ్ కూడా తేలికే. రిలేకి రెండు లావు స్తంభాలు, రెండు సన్న స్తంభాలు ఉంటాయి. లావువి బ్యాటరీ నుంచి ప్లగ్గులకి వెళ్లే దారి. సన్నవి రిలే కాయిల్‌వి. సన్నవాటిలో ఒకదానికి ఎర్త్, రెండోదానికి తాళం ఆన్ చేసినప్పుడే వచ్చే ప్లస్ తీసుకుని మధ్యలో బటన్ పెట్టండి. ప్లగ్గుల కరెంటు బటన్‌లోంచి పోదు కాబట్టి సన్న వైరు చాలు.

---

ఇనుపగుండె రాశారు:

చలిబండి గారూ, బటన్ పెట్టొద్దని అనను. కానీ మీరు చెప్పిన లక్షణాలు చూస్తే కంట్రోలర్ బాగానే పని చేస్తోందని నాకు అనిపిస్తోంది.

1987 నుంచి ఈ ఇంజన్లకి వచ్చిన కంట్రోలర్‌లో రిలే నుంచి ప్లగ్గుల వైపు వెళ్లే దారిలో వంకర టింకరగా మడిచిన ఒక లోహపు పట్టీ కనిపిస్తుంది. అది చిన్న రెసిస్టరు. ప్లగ్గులకి వెళ్లే కరెంటు అంతా దానిలోంచే పోతుంది. చల్లటి ప్లగ్గు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కేకొద్దీ తగ్గిస్తుంది. పట్టీ రెండు చివరల మధ్య వోల్టేజీ ఎంత పడుతోందో చూసి, ప్లగ్గులు వేడెక్కాయా లేదా అని కంట్రోలర్ అంచనా కడుతుంది.

ఇప్పుడు ఎనిమిదిలో రెండో మూడో ప్లగ్గులు కాలిపోయాయనుకోండి. కరెంటు మొదటి నుంచే తక్కువ. కంట్రోలర్‌కి అది వేడెక్కిన ప్లగ్గుల్లాగే కనిపిస్తుంది, వెంటనే ఆపేస్తుంది. మళ్లీ ఇస్తుంది, మళ్లీ ఆపేస్తుంది. మీరు విన్న టకటక అదే అయి ఉండాలి. బతికి ఉన్న ప్లగ్గులకి కూడా వేడెక్కే టైమ్ దొరకదు.

ఈ స్థితిలో కంట్రోలర్ పీకి బటన్ పెట్టడమంటే జ్వరం చూపించిందని థర్మామీటర్ పగలగొట్టడమే. ముందు ప్లగ్గులు పరీక్ష చేయండి. ప్రతి ప్లగ్గు మీద కనెక్టర్ లాగేయండి. టెస్ట్ ల్యాంప్ క్లిప్పుని బ్యాటరీ ప్లస్‌కి తగిలించి, మొన ప్లగ్గు తలకి ఆనించండి. దీపం వెలిగితే లోపల తీగ బతికి ఉన్నట్టు. వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే.

---

చలిబండి రాశారు:

ఇనుపగుండె గారూ, చాలా థ్యాంక్స్. ఆ పట్టీ చూశాను, అది వేడి తగ్గించే రేకు అనుకుని వదిలేసేవాణ్ణి. రేపు ఇంజను చల్లగా ఉన్నప్పుడు అన్నీ చూసి చెప్తాను. మల్టీమీటర్‌తో ఓమ్స్ చూసినా సరిపోతుందా?

---

గేర్‌బాక్స్‌అక్క రాశారు:

మీటర్‌తో చూడొచ్చు తమ్ముడూ, కానీ ఒక మెలిక ఉంది. మంచి ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ చుట్టుపక్కల, చాలాసార్లు అంతకన్నా తక్కువే చూపిస్తుంది. మీటరు వైర్లకే 0.2 నుంచి 0.5 ఓమ్ ఉండొచ్చు. కాబట్టి ముందు రెండు మొనలూ కలిపి ఎంత చూపిస్తోందో రాసుకుని, అది తీసేసి లెక్క పెట్టండి. ఒక మొన ప్లగ్గు తల మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. పెయింటు ఉన్న చోట గుచ్చితే తప్పుడు లెక్క వస్తుంది.

ఇంకా నమ్మకమైన పద్ధతి కావాలంటే క్లాంప్ మీటరు. డీసీ ఆంపియర్లు చదివేదే కావాలి, చాలా చవకరకాలు ఏసీ మాత్రమే చూస్తాయి. వైరుకి తగిలించే ముందు జీరో బటన్ నొక్కండి, లేకపోతే దాని సొంత అయస్కాంతపు తేడా మీ లెక్కలోకి వస్తుంది. తీగ బతికి ఉండి కూడా సరిగ్గా వేడెక్కని ప్లగ్గుని ఓమ్స్ పట్టుకోలేదు, క్లాంప్ పట్టుకుంటుంది. మొదట ఎక్కువ లాగి క్రమంగా దిగితే మంచి ప్లగ్గు.

స్పానర్‌పట్టు అన్నయ్యా, మీరు చెప్పిన వైరింగ్ నడుస్తుంది. కానీ అందులో ఫ్యూజు మాట రాలేదు, దీపం మాట రాలేదు. ఆ రెండూ లేకుండా ఎవరికీ చెప్పకండి, దయచేసి.

---

స్పానర్‌పట్టు రాశారు:

ఫ్యూజు నా బండిలో ఉందమ్మా, రాయలేదు అంతే. బటన్ వైరుకి 5 ఆంపియర్లది. దీపం ఎందుకు? బటన్ నొక్కితే రిలే టక్‌మని చప్పుడు వస్తుంది, వదిలితే ఇంకోసారి వస్తుంది. చెవికి తెలుస్తుంది.

---

గేర్‌బాక్స్‌అక్క రాశారు:

ఇంజను నడుస్తుంటే తెలియదు అన్నయ్యా.

మా షెడ్డుకి వచ్చిన ఒక ట్రక్కు సంగతి చెప్తాను. బటన్ పెట్టారు, బాగానే ఉంది. రిలే మాత్రం సెల్ఫ్‌కి వాడే రకం, ఫెండర్ మీద బిగించే సొలెనాయిడ్ వేశారు. చూడటానికి గ్లో రిలేకీ దానికీ తేడా కనిపించదు. రోజూ పది సెకన్లు వేడెక్కీ వేడెక్కీ ఒకరోజు లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. డ్రైవర్ బటన్ వదిలేశాడు, బండి స్టార్ట్ అయింది, వెళ్లిపోయాడు. ప్లగ్గులు మాత్రం 14 వోల్టుల మీద వెలుగుతూనే ఉన్నాయి. తాళం తీసినా ఆగలేదు, ఎందుకంటే లావు కేబుల్ తాళంలోంచి రాదు. హెడ్డు దగ్గర ప్లగ్గులు తీస్తే ఆరింటి మొనలు ఉబ్బి పగిలిపోయి ఉన్నాయి. ఒకదానికి మొనే లేదు.

అందుకే దీపం. ఆ దీపం వైరు బటన్ నుంచి తీయకూడదు, రిలే అవతల ప్లగ్గులకి వెళ్లే లావు స్తంభం నుంచి తీయాలి. బటన్ దగ్గర పెడితే మీరు నొక్కుతున్నారని మీకే చెబుతుంది, దానివల్ల ఉపయోగం లేదు. ప్లగ్గుల వైపు పెడితే ప్లగ్గుల దగ్గర నిజంగా కరెంటు ఉందో లేదో చెబుతుంది. బటన్ వదిలాక కూడా వెలుగుతోందంటే బండి ఆపి బ్యాటరీ వైరు ఊడదీయాల్సిందే.

---

రిలేరాగం రాశారు:

అక్క చెప్పిన రిలే తేడాని మీటరుతో కనిపెట్టొచ్చు. సన్న స్తంభాల మధ్య ఓమ్స్ చూడండి. సెల్ఫ్ రకం సొలెనాయిడ్ కాయిల్ మూడు నాలుగు ఓమ్‌లు మాత్రమే చూపిస్తుంది, అంటే 12 వోల్టుల మీద మూడు నాలుగు ఆంపియర్లు తాగుతుంది. ఒకటి రెండు సెకన్ల పని కోసం చేసిన కాయిల్ అది. ఎక్కువసేపు ఆన్‌లో ఉండగల కంటిన్యూయస్ డ్యూటీ రకం అయితే 15 ఓమ్‌లు, అంతకు పైన ఉంటుంది. ఒక ఆంపియరు లోపే పని చేస్తుంది, కాబట్టి చల్లగా ఉంటుంది. పైన చూసి కొనకండి, మీటరు పట్టుకెళ్లండి.

కాయిల్ రెండు స్తంభాల మధ్య 1ఎన్4007 డయోడు ఒకటి పెట్టండి, గీత ఉన్న చివర ప్లస్ వైపుకి. బటన్ వదిలినప్పుడు కాయిల్‌లోంచి వచ్చే వోల్టేజీ దెబ్బ బటన్ కాంటాక్టుల్ని తినేస్తుంది. పాత కంట్రోలర్‌ని అలాగే ఉంచి పక్కన బటన్ పెట్టేవాళ్లకి ఈ డయోడు తప్పనిసరి, లేకపోతే ఆ దెబ్బ కంట్రోలర్‌లోని ట్రాన్సిస్టర్‌కి తగులుతుంది.

---

చలిబండి రాశారు:

పరీక్ష అయింది. మూడు ప్లగ్గులు పూర్తిగా పోయాయి, ఒకే పక్కన రెండు, ఇటు పక్క చివరిది ఒకటి. మిగతా ఐదు మీటరు వైర్లు తీసేశాక 0.7 నుంచి 1 ఓమ్ మధ్యలో ఉన్నాయి. ఇంకో సంగతి, బాగున్న ప్లగ్గుల్లో ఒకదాని కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పట్టి వదులుగా ఉంది. చేత్తో కదిపితే ఊడి వచ్చేసింది.

అంటే ఇనుపగుండె గారు అన్నట్టే, లోపం ప్లగ్గుల వైపే ఉంది. మూడు మాత్రమే మార్చనా, ఎనిమిదీ మార్చనా? పోయినవాటిలో ఒకటి సగం విప్పాక బిగుసుకుపోయింది. మర పూర్తిగా వదులైంది, కానీ ప్లగ్గు బయటికి రావట్లేదు. టెన్షన్‌గా ఉంది.

---

ఇనుపగుండె రాశారు:

ఆగండి. రెంచి పక్కన పెట్టేయండి. మర వదులయ్యాక కూడా రాకపోతే మొన లోపల ఉబ్బిందన్నమాట. బలంగా లాగితే మొన తెగి ప్రీ ఛాంబర్‌లో, అంటే డీజిల్ ముందుగా మండే చిన్న గదిలో పడుతుంది. అక్కడి రంధ్రం సన్నం కాబట్టి కొన్నిసార్లు ముక్క అక్కడే ఆగుతుంది, కొన్నిసార్లు విరిగి పిస్టన్ మీదకి వెళుతుంది. అప్పుడు హెడ్డు ఎత్తాలి.

మర చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ఆ ప్లగ్గుని మళ్లీ ఒకటి రెండు చుట్లు లోపలికి బిగించి, ఇంజను స్టార్ట్ చేసి గోరువెచ్చగా కానివ్వండి. ఆపి, ప్లగ్గు తలని లాకింగ్ ప్లయర్‌తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా పైకి తీయండి. తిప్పడం ముఖ్యం, లాగడం కాదు. ఉబ్బిన భాగం మీద పేరుకున్న మసి అలా తిప్పేకొద్దీ అరుగుతుంది. కొందరు మర వదులు చేసి, ఆ ఒక్క ప్లగ్గు రంధ్రం నుంచి ఇంజను కంప్రెషనే దాన్ని తన్నేలా సెల్ఫ్ కొడతారు. అది తుపాకీ గుండులాగా ఎగురుతుంది. ఎవరూ ఆ పని చేయకండి.

ఎనిమిదీ మార్చండి, ఒకే కంపెనీవి, ఒకే రకంవి. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని ఉంటే ఒక్కొక్కటి ఒక్కో వేగంతో వేడెక్కుతుంది, పట్టీ లెక్క మళ్లీ తప్పుతుంది. కొత్తవి పెట్టేటప్పుడు ముందు చేత్తో తిప్పి, చివర్లో కొద్దిగా మాత్రమే బిగించండి. సన్న మర, లావు రెంచి పట్టుకుంటే తలే తెగిపోతుంది. పచ్చబడిన కనెక్టర్ కోసి కొత్తది పెట్టండి. శుభ్రం చేసి మళ్లీ వాడితే వచ్చే చలికాలం మళ్లీ ఇక్కడికే వస్తారు.

---

తెల్లపొగ రాశారు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది 7.3 పవర్‌స్ట్రోక్, 1997ది. నాకూ ఇదే తంటా, కానీ టకటక లేదు. వెయిట్ దీపం వెలిగి ఆరుతుంది, బండి మాత్రం చలిలో చాలాసేపు తిప్పితే గానీ అందుకోదు. నేనూ ఇలాగే బటన్ పెట్టుకోవచ్చా?

---

రిలేరాగం రాశారు:

తెల్లపొగ గారూ, పేర్లో 7.3 అని ఉన్నా మీది వేరే ఇంజను. ఐడీఐలో డీజిల్ ముందు ప్రీ ఛాంబర్‌లో పడుతుంది, పవర్‌స్ట్రోక్‌లో నేరుగా పిస్టన్ మీద పడుతుంది. గ్లో ఎంతసేపు ఇవ్వాలో కంప్యూటరే, అంటే పీసీఎం, ఇంజను ఆయిల్ వేడినీ గాలి ఒత్తిడినీ చూసి లెక్క కడుతుంది. బాగా చలిలో 120 సెకన్ల దాకా ఇవ్వగలదు. వెయిట్ దీపం ఆరడానికీ ప్లగ్గులు ఆగడానికీ అక్కడ సంబంధం లేదు. దీపం ఆరాక కూడా ప్లగ్గులు వెలుగుతూనే ఉంటాయి.

మీరు ముందు చూడాల్సింది ఇంజను పైన, డీజిల్ ఫిల్టర్ దగ్గర ఉన్న రిలే. చల్లటి ఇంజనుకి తాళం ఆన్ చేసి రెండు లావు స్తంభాల మీద విడివిడిగా వోల్టేజీ చూడండి. ఒకటి బ్యాటరీ వైపుది, దాదాపు బ్యాటరీ వోల్టేజీయే ఉండాలి. రిలే పని చేస్తుంటే రెండోది కూడా దానికి అటూ ఇటూగా ఉండాలి. రెంటికీ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే కాంటాక్టులు కాలిపోయినట్టు. ఈ ఇంజన్లకి అది చాలా మామూలు జబ్బు. రిలే బాగుంటే వాల్వ్ కవర్ కింద ఉండే వైరు కనెక్టర్లు చూడండి, అక్కడ వేడికి కరిగి ఊడటం కూడా తరచూ జరుగుతుంది. బటన్ పెట్టినా ఆ కనెక్టర్ ఊడి ఉంటే ప్లగ్గుకి కరెంటు చేరదు కదా.

---

తెల్లపొగ రాశారు:

ఒక పక్క 12.1, ఇంకో పక్క 9.8. రిలేనే. థ్యాంక్స్ అన్నా.

---

కొత్తస్టీరింగ్ రాశారు:

నా దగ్గర కొత్త కామన్ రైల్ డీజిల్ పికప్ ఉంది. గ్లో లోపం ఉందని కంప్యూటర్ కోడ్ చూపిస్తోంది. ఈ చర్చ చదివాక నేనూ ఒక రిలే, బటన్ తెచ్చుకున్నాను. ప్లగ్గుల వైర్లన్నీ ఒకే బోల్టు కింద కలిపి 12 వోల్టులు ఇస్తే చాలు కదా?

---

గేర్‌బాక్స్‌అక్క రాశారు:

వద్దు. ఆ రిలే పెట్టెలోంచి కూడా తీయకండి.

ఇప్పటి ఇంజన్లలో చాలావాటి ప్లగ్గులు 12 వోల్టులవి కావు. 4.4 వోల్టులవి, 5 వోల్టులవి, 7 వోల్టులవి ఉంటాయి, మీద అచ్చు వేసి కూడా ఉంటుంది. కంట్రోల్ యూనిట్ మొదటి ఒకటి రెండు సెకన్లు గట్టిగా కరెంటు తోసి, తర్వాత పల్సులుగా కోసి కోసి సగటున ఆ తక్కువ వోల్టేజీ మాత్రమే ఇస్తుంది. ఒక్కో సిలిండర్‌కి విడిగా ఇస్తుంది, విడిగా కొలుస్తుంది. నేరుగా 12 వోల్టులు ఇస్తే మొన కొన్ని సెకన్లలోనే తెల్లగా కాలిపోతుంది. సిరామిక్ రకం అయితే పగిలి ముక్కలు సిలిండర్‌లో పడతాయి. సిరామిక్ ముక్క ఇనుముని గీరేస్తుంది.

కోడ్ ఏ సిలిండర్‌దో చదివించుకుని ఆ ప్లగ్గు మార్చండి. మాన్యువల్ బటన్ అనేది పాత 12 వోల్టుల ప్లగ్గులకీ, ఒకే రిలేతో అన్నిటికీ కలిపి కరెంటు ఇచ్చే పద్ధతికీ మాత్రమే.

---

పచ్చరంగుబండి రాశారు:

పాత బండ్లలో కూడా వోల్టేజీ చూసుకోవాలి. నా దగ్గర ఉన్నది సైన్యం వాడిన ఎం1008, జీఎం 6.2 లీటర్ల ఇంజను. సెల్ఫ్‌కీ గ్లోకీ 24 వోల్టులు, మిగతా బండికి 12. ప్లగ్గులేమో 12 వోల్టులవే. అందుకని ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద రెసిస్టర్ల పెట్టె పెట్టి 24ని దించుతారు. ఆ దించడం ఎనిమిది ప్లగ్గులూ కరెంటు లాగుతున్నప్పుడే సరిగ్గా ఉంటుంది. ఒకటి పోతే మిగతావాటికి వోల్టేజీ పెరుగుతుంది, ఇంకొకటి పోతుంది, అలా వరుసగా పోతాయి. ఈ బండ్లలో అందరూ ముందు చేసే మార్పు ఆ రెసిస్టర్లని పక్కన పెట్టి, గ్లో రిలేకి నేరుగా 12 వోల్టుల బ్యాటరీ నుంచి కేబుల్ తేవడం. ఆ తర్వాతే బటన్.

6.2, 6.5 వాళ్లకి ఇంకో మాట. ప్లగ్గు రకం చూడండి. పాత ఏసీ కంపెనీ 9జీ, 11జీ రకాలు తమంతట తాము తగ్గవు, ఎక్కువసేపు ఇస్తే ఉబ్బుతాయి. ఏసీ 60జీ లాంటి సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం వేడెక్కేకొద్దీ తన కరెంటు తనే తగ్గించుకుంటుంది. బటన్ పెట్టాలనుకుంటే ముందు అలాంటివి వేసుకోండి. నొక్కే చెయ్యి ఎవరిదైనా ఒకరోజు ఎక్కువసేపు నొక్కుతుంది.

---

స్పానర్‌పట్టు రాశారు:

ఈ సెల్ఫ్ రెగ్యులేటింగ్ మాట నేను ఒప్పుకుంటాను. నా దాంట్లో అవే ఉన్నాయి, అందుకే ఇన్నాళ్లూ ఉబ్బలేదు. అక్క దీపం మాట కూడా సరే, ఈ వారం పెట్టేస్తాను. కానీ టైమర్లు పెట్టమని ఎవరైనా మొదలుపెడితే మాత్రం నేను ఒప్పుకోను. ఎండ రోజు మూడు సెకన్లు చాలు, మంచు రోజు పది కావాలి. టైమర్‌కి ఆ తేడా ఏం తెలుస్తుంది?

---

రిలేరాగం రాశారు:

టైమర్‌ని పని చేయడానికి కాదు అన్నా, ఆపడానికి పెట్టాలి. బటన్ మీరే నొక్కుతారు, మూడు సెకన్లకి వదిలితే మూడుకే ఆగుతుంది. కానీ 10 సెకన్లు దాటి నొక్కినా టైమర్ కాయిల్‌ని కోసేస్తుంది. ఇంట్లో ఇంకెవరైనా బండి తీసే పరిస్థితి ఉంటే ఇది చాలా అవసరం. ప్లగ్గులు ఉబ్బేది వాటి మీద అవగాహన ఉన్నవాళ్ల చేతుల్లో కాదు.

టాగుల్ స్విచ్ మాత్రం ఎవరూ వాడకండి. వదలగానే తిరిగి వచ్చే బటన్ మాత్రమే.

---

ఇనుపగుండె రాశారు:

స్పానర్‌పట్టు గారు ఎండ రోజు మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు ఓ మోస్తరు చలిలో గ్లో లేకుండానే స్టార్ట్ అవుతాయి. పెద్ద ట్రక్కు ఇంజన్లు చాలావాటికి గ్లో ప్లగ్గులే లేవు. కమిన్స్ 5.9లో ప్లగ్గులకి బదులు ఇన్‌టేక్‌లో గాలిని వేడి చేసే గ్రిడ్ హీటర్ ఉంటుంది. ఐడీఐ అలా కాదు. 7.3 ఐడీఐకి కంప్రెషన్ 21.5:1 ఉన్నా సరే, గాలి సన్న దారిలోంచి ప్రీ ఛాంబర్‌లోకి దూరేటప్పుడు దాని వేడంతా చుట్టూ ఉన్న చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. అందుకే వెచ్చటి రోజుల్లో కూడా రాత్రంతా ఆగిన ఐడీఐకి గ్లో కావాలి.

అదే కారణంతో గ్లో సరిగ్గా లేని బండి తెల్ల పొగ ఇస్తుంది. డీజిల్ లోపలికి వెళుతోంది, మండట్లేదు. పొగే లేకుండా ఎంతసేపు తిప్పినా పలక్కపోతే అది గ్లో లోపం కాదు, డీజిల్ లైన్‌లో గాలి చేరి ఉంటుంది. ఐడీఐలో నోజిల్స్ మీది రిటర్న్ పైపుల ఓ రింగులు ఎండిపోయి గాలి పీలుస్తాయి. ఆ జబ్బుకి బటన్ ఎంతసేపు నొక్కినా లాభం లేదు.

ఈథర్ స్ప్రే మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతున్నాను. గ్లో ప్లగ్గులు ఉన్న ఇంజనుకి ఈథర్ కొట్టకండి. ప్లగ్గు మొన ఎర్రగా ఉన్నప్పుడు ఈథర్ లోపలికి వెళితే పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. రింగులు విరుగుతాయి, పిస్టన్ అంచులు ఎగిరిపోతాయి, ఇన్‌టేక్‌లోంచి మంట వెనక్కి తన్నుతుంది. ఎదురుగా మొహం పెట్టి స్ప్రే కొడుతున్న మనిషి కళ్లు పోవచ్చు. బటన్ పెట్టిన బండిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒకరు బయట స్ప్రే కొడుతుంటే ఇంకొకరు లోపల బటన్ నొక్కుతారు.

---

చలిబండి రాశారు:

ఉబ్బిన ప్లగ్గు వచ్చేసింది, మొన తెగలేదు. నూనె పోసి రాత్రి వదిలేసి, పొద్దున ఇంజను వెచ్చబెట్టి, ఇనుపగుండె గారు చెప్పినట్టు తిప్పుతూ తిప్పుతూ తీశాను. మొన పక్క నుంచి సన్నగా చీలి, ఆ చీలికలోంచి బూడిద రంగు పొడి రాలుతోంది. పట్టుకుని చూస్తే, దీన్ని లాగి ఉంటే కచ్చితంగా తెగేదని అర్థమైంది.

ఎనిమిదీ కొత్తవి, ఒకే రకంవి. రెండు కనెక్టర్లు మార్చాను. తాళం తిప్పితే ఇప్పుడు వెయిట్ దీపం చక్కగా వెలిగి ఉంటోంది, ఆరాక కంట్రోలర్ నింపాదిగా కాసేపు ఆన్ ఆఫ్ చేస్తోంది. బండి మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. కంట్రోలర్‌కి ఏమీ కాలేదు.

అయినా బటన్ పెట్టాలని ఉంది. ఈ కంట్రోలర్ ఎప్పటికైనా పోతుంది, అది పోయే రోజు నేను ఎక్కడ ఉంటానో తెలియదు. కాబట్టి కంట్రోలర్‌ని అలాగే ఉంచి, దాని పక్కన బటన్ పెట్టే పద్ధతి చెప్పండి.

---

గేర్‌బాక్స్‌అక్క రాశారు:

ఇది సరైన కారణం. పద్ధతి చెప్తాను, కానీ వైరు రంగులు నమ్మకండి, మీటరు నమ్మండి. పాత బండ్లలో ఎవరు ఏ వైరు మార్చారో తెలియదు.

తాళం ఆన్ చేసి, రిలే సన్న స్తంభాలు రెండిటినీ బ్యాటరీ మైనస్‌తో కొలవండి. ఒకదాని మీద ఎప్పుడూ 12 వోల్టులు ఉంటుంది. రెండోది రిలే పట్టినప్పుడు సున్నా దగ్గరికి, వదిలినప్పుడు 12కి మారుతుంది. మారేదే కంట్రోలర్ ఎర్త్ ఇచ్చే వైపు. ఆ స్తంభం నుంచి ఒక సన్న వైరు, 1.5 చదరపు మిల్లీమీటర్లది, లోపలికి తెచ్చి బటన్‌కి ఇవ్వండి. బటన్ రెండో కాలు బాడీ ఎర్త్‌కి. ఇప్పుడు కంట్రోలర్ ఎర్త్ ఇచ్చినా, మీరు ఇచ్చినా రిలే పడుతుంది. తాళం తీస్తే కాయిల్‌కి ప్లస్ ఉండదు కాబట్టి బటన్ పొరపాటున నొక్కుకున్నా ఏమీ జరగదు.

దీనిలో ఒక లోటు ఉంది. బటన్ వైరు ఫైర్‌వాల్ రంధ్రం దగ్గర ఒరుసుకుని తోలు ఊడి బాడీకి తగిలిందనుకోండి, అది మీరు బటన్ నొక్కినట్టే. ఫ్యూజు కూడా పోదు. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ ప్లగ్గులు వెలుగుతాయి. కాబట్టి రంధ్రానికి రబ్బరు గ్రోమెట్, వైరుకి పైపు తొడుగు తప్పనిసరి. ఇంజను మీదికి వైరు వదులుగా వేలాడకూడదు.

దీపం గురించి ముందే చెప్పాను. ప్లగ్గుల వైపు లావు స్తంభం నుంచి 1 ఆంపియరు ఫ్యూజుతో తెచ్చి డాష్‌బోర్డు మీద కంటికి కనిపించే చోట పెట్టండి. ఆ ఫ్యూజు స్తంభం దగ్గరే ఉండాలి.

---

ఎనిమిదిసిలిండర్లు రాశారు:

అక్క చెప్పినదానికి చిన్న చేర్పు. బ్యాటరీ నుంచి రిలేకి వచ్చే లావు దారిలో ఫ్యూజిబుల్ లింకులు (ఎక్కువ కరెంటు పోతే కరిగి తెగే వైరు ముక్కలు) ఉంటాయి. చాలామంది రిలే మార్చేటప్పుడు అవి చికాకుగా ఉన్నాయని తీసేసి నేరుగా కేబుల్ వేస్తారు. ఎనిమిది ప్లగ్గులూ కలిసి మొదట్లో 150 ఆంపియర్లు దాటి లాగుతాయి. ఆ కేబుల్ ఎక్కడైనా బాడీకి తగిలితే బ్యాటరీ ఇవ్వగలిగిందంతా అక్కడ మంటగా మారుతుంది. లింకు తీస్తే దాని స్థానంలో ఆ కరెంటుకి తగిన మెగా ఫ్యూజు పెట్టండి. కేబుల్ 25 చదరపు మిల్లీమీటర్లది వేస్తే వోల్టేజీ పడిపోదు. లగ్గులు సుత్తితో కొట్టి కాదు, క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి.

---

చలిబండి రాశారు:

పని పూర్తయింది. డయోడు, గ్రోమెట్, దీపం, ఫ్యూజులు అన్నీ పెట్టాను. టైమర్ ఇప్పుడు పెట్టలేదు, బండి నేనొక్కడినే తీస్తాను.

డీసీ క్లాంప్ అడిగి తెచ్చుకుని ప్లగ్గుల కేబుల్ మీద పెట్టి బటన్ నొక్కాను. మొదట 160 దగ్గర చూపించి, ఏడెనిమిది సెకన్లకి 100కి కాస్త పైన ఆగింది. నాలుగేసి ప్లగ్గుల వైరు విడిగా చూస్తే రెండు పక్కలా దాదాపు సమానంగా ఉన్నాయి. అంటే ఎనిమిదీ పని చేస్తున్నట్టే కదా?

ఇంకో ప్రశ్న. స్టార్ట్ అయ్యాక మొదటి అర నిమిషం కొద్దిగా తెల్ల పొగ, కొద్దిగా ఒణుకు ఉన్నాయి. అప్పుడు బటన్ నొక్కితే పోతాయా?

---

ఇనుపగుండె రాశారు:

కరెంటు అలా దిగడం, రెండు పక్కలా సమానంగా ఉండటం చాలా మంచి గుర్తు. ఆ అంకెలు తలుపు లోపలి వైపు రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది మళ్లీ కొలిచి ఒక పక్క 20 ఆంపియర్లు తగ్గితే ఏ పక్క ప్లగ్గు పోయిందో విప్పకుండానే తెలుస్తుంది.

స్టార్ట్ అయ్యాక మీ కంట్రోలరే కొంతసేపు గ్లో ఇస్తూ ఉంటుంది, దాన్ని దాని పని చేయనివ్వండి. అప్పటికే వేడిగా ఉన్న ప్లగ్గుకి మీరు పైన ఇంకా ఇస్తున్నారు, ఆల్టర్నేటర్ కూడా వోల్టేజీని 14 దాకా పెంచింది. ప్లగ్గులు ఎక్కువగా ఉబ్బేది ఈ సమయంలోనే. కంట్రోలర్ పూర్తిగా పోయిన రోజు మాత్రం, స్టార్ట్ అయ్యాక ఒణుకుతుంటే రెండు సెకన్లు ఇచ్చి వదలండి, కాస్త ఆగి ఇంకోసారి చూడండి. అంతకు మించి వద్దు.

ఆ అర నిమిషం పొగ పాత ఐడీఐకి మామూలే. నిమిషం దాటి ఉంటే, లేదా ఒకే పక్క ఒణుకుతుంటే అప్పుడు నోజిల్స్ వైపు చూడాలి.

---

స్పానర్‌పట్టు రాశారు:

దీపం పెట్టాను అక్కా, ప్లగ్గుల వైపు నుంచే. నా రిలే కాయిల్ కూడా కొలిచాను, 4 ఓమ్‌లు చూపించింది. కంటిన్యూయస్ రకానికి ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా బటన్ ఆరు సెకన్లకి మించి నొక్కను.

---

గేర్‌బాక్స్‌అక్క రాశారు:

కొత్తది బిగించేటప్పుడు ముందు బ్యాటరీలు రెండిటి మైనస్‌లూ తీసేయండి అన్నయ్యా. ఒక్కటే తీస్తే ఆ లావు స్తంభంలో కరెంటు అలాగే ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే అక్కడే అతుక్కుంటుంది.